నాన్నగారి అంగడిలో మిగిలిన క్యాసెట్లు: నెల్లూరులో పాటల అంగళ్లు ఎందుకు పోయాయి?

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు 1979 నుంచి 2009 వరకు నెల్లూరు ట్రంకు రోడ్డును ఆనుకుని ఉన్న ఒక సందులో పాటల అంగడి నడిపారు. మొదట్లో గ్రామఫోను ప్లేట్లు, ఆ తర్వాత క్యాసెట్లు, చివరి ఐదారేళ్లు సీడీలు అమ్మారు. ఇప్పుడు ఆ గదిలో సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. నాన్నగారు కాలం చేసి ఏడాది దాటింది. ఇల్లు సర్దుతుంటే అటక మీద మూడు రేకుపెట్టెలు దొరికాయి. వాటిలో ఎల్పీలనే పెద్ద ప్లేట్లు నూట నలభై దాకా, ఈపీలనే చిన్న ప్లేట్లు అంతకు రెట్టింపు, పాత లక్క ప్లేట్లు ఇరవై వరకు ఉన్నాయి. క్యాసెట్లను ఇంకా లెక్కపెట్టలేదు.

వీటిని ఏమి చేయాలన్నది నా మొదటి ప్రశ్న. రెండోది కొంచెం పెద్దది. తన వ్యాపారాన్ని సెల్‌ఫోను మింగేసిందని నాన్నగారు చివరిదాకా అనేవారు. పెట్టెల్లోనే దొరికిన లెక్కల పుస్తకాలు చూస్తే 2004కే అమ్మకాలు సగానికి పడిపోయినట్టు కనిపిస్తోంది, కానీ ఆ రోజుల్లో మా వీధిలో పాటలు వినిపించే ఫోను ఎవరి చేతిలోనూ లేదు. అలాంటప్పుడు ఆ అంగడిని ముంచింది ఏమిటి?

మైకుసెట్టు (కావలి)

నమస్కారం బాబూ. నాకు డెబ్బై దాటాయి. మీ నాన్నగారి అంగడికి నేను వచ్చే ఉంటాను, ఎందుకంటే ఆ రోడ్డులో నేను ఎక్కని మెట్లు లేవు. నేను ముప్పై ఏళ్లు మైకు సెట్లు అద్దెకిచ్చాను. ప్లేట్ల కాలంలో అంగడి ఎవరి మీద బతికిందో ముందు చెబుతాను. ఇంట్లో గ్రామఫోను ఉన్న కుటుంబాలు మా ఊరిలో రెండే ఉండేవి, వారిలో ఒకరు ఏడాదికొక ప్లేటు కొంటే గొప్ప. అసలు కొనుగోలుదారులం మేము. పెళ్లిళ్ల కాలం మొదలయ్యే ముందు నెల్లూరు రైలెక్కి, కొత్త సినిమాల ఈపీలు పదో పదిహేనో కొనుక్కుని, అవి పగలకుండా ఒళ్లో పెట్టుకుని తిరిగి వచ్చేవాణ్ణి. వేపచెట్టుకు కట్టిన హారనులో తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదలైన పాట రాత్రి పన్నెండింటికి గాని ఆగేది కాదు. అంత వాడకానికి గాడులు అరిగిపోయేవి కనుక, ప్రజలు ఒక పాటను ఎంతగా ఇష్టపడితే అదే ప్లేటును మేము అన్నిసార్లు కొనేవాళ్లం.

క్యాసెట్టు వచ్చాక ఆ లెక్క తలకిందులైంది. ఒక క్యాసెట్టు కొని నాలుగు సెట్లకు నాలుగు నకళ్లు చేయించుకున్నాను. చేసి పెట్టింది కూడా అంగడి వాళ్లే. నా వంటి గిరాకీ తగ్గినా, ఇంటింటికీ టేపురికార్డరు రావడం వల్ల వారికి అంతకు పదింతల జనం దొరికారు. కనుక మొదటి దెబ్బ అంగడికి తగల్లేదు, ప్లేట్లు తయారుచేసే కంపెనీకి తగిలింది.

కందుకూరు వకీలు

పెద్దాయన చెప్పిన చివరి మాటను కొంచెం ముందుకు తీసుకువెళ్తాను. పెన్నా ఒడ్డు గారు నొచ్చుకోకూడదని ముందే మనవి చేస్తున్నాను. మన ఊళ్లలో పాటల అంగడి అని మనం పిలిచినది సగం అంగడి, సగం నకళ్ల కేంద్రం. బోర్డు మీదనే "రికార్డింగ్ సెంటర్" అని రాసుకునేవారు. కాగితం మీద పాటల జాబితా రాసి, ఖాళీ క్యాసెట్టు ధర, ఎక్కించే కూలి ఇస్తే, మూడో రోజుకు మనకు కావలసిన పాటలన్నీ ఒకే టేపులో చేతికి వచ్చేవి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం అది నేరమే. 1984 సవరణ తర్వాత దానికి కనీసం ఆరు నెలల ఖైదు, 50,000 రూపాయల జరిమానా విధించే వీలు వచ్చింది. ఆ శిక్షలు పుస్తకంలోనే ఉన్నాయి గాని, నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మా వీధిలోని పోలీసు అధికారి ఇంట్లో కూడా అలా ఎక్కించిన టేపులే మోగేవి.

అందుచేత నా వాదన ఇది. నకలు తీయడం అంగడి వాడి చేతిలో ఉన్న పనిగా, అంటే టేపులు ఆడించి ఎక్కించే రెండు డెక్కులూ కొంత నైపుణ్యమూ గంటసేపు సమయమూ కావలసిన పనిగా ఉన్నంతకాలం అంగడి నిలబడింది. ఆ పని ఎవరైనా చేయగలిగినది కాగానే అంగడికి చోటు లేకపోయింది. ఫోను ఆ కథలో చాలా ఆలస్యంగా వచ్చిన పాత్ర.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

వకీలు గారూ, నొచ్చుకోలేదని చెబితే అబద్ధమవుతుంది, కానీ మీరు చెప్పినది నిజం. నేను ఆరో తరగతి నుంచి బడి వదలగానే ఆ డెక్కుల ముందు కూర్చున్నవాణ్ణి. పాటల జాబితాలు రాసుకునే పొడవాటి నోటు పుస్తకాలు నాలుగు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో సినిమా పేర్ల కంటే మనిషి పేర్లే ఎక్కువ కనిపిస్తాయి. "బాలు విషాద గీతాలు ఒక వైపు, యుగళగీతాలు రెండో వైపు" అన్న కోరిక దాదాపు ప్రతి పుటలోనూ ఉంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు మన నెల్లూరు వారన్న అభిమానం అందులో కొంత ఉంది గాని, ఒక గొంతును ఎంచుకుని తనకంటూ ఒక టేపు కట్టించుకోవడం ఆ రోజుల్లో అదొక ముచ్చట.

నాన్నగారికి ఆ పనిలో కొన్ని పట్టింపులు ఉండేవి. రెట్టింపు వేగంతో నకలు తీస్తే పైస్థాయి శబ్దాలు పల్చబడతాయని, ఎంత రద్దీ ఉన్నా మామూలు వేగంతోనే ఎక్కించేవారు. గంట పాటలకు గంట పట్టేది. తొంభై నిమిషాల టేపు అడిగిన వాళ్లకు అరవై నిమిషాలదే ఇవ్వడానికి చూసేవారు, ఎందుకంటే తొంభైలో రీలు పలుచన, బస్సుల్లో, లారీల్లో వేడికి సాగి చుట్టుకుపోతుంది. ప్రతి సాయంత్రం డెక్కులో రీలు ఆనుకుని నడిచే హెడ్డును దూదితో, స్పిరిటుతో తుడిచే పని నాది. ఖాళీ టేపుల కోసం నెలకోసారి మద్రాసు వెళ్లి, రిచీ స్ట్రీటులో బేరమాడి, రాత్రి రైలుకు తిరిగి వచ్చేవారు. మనకు సరుకంతా మద్రాసు నుంచే. తెలుగు సినిమా అక్కడ ఉన్నన్నాళ్లూ కొత్త పాటలు హైదరాబాదు కంటే నెల్లూరుకే ముందు వచ్చేవని నాన్నగారు గర్వంగా చెప్పుకునేవారు. అందులో ఎంత నిజముందో గాని, ఆ గర్వం మాత్రం నిజం.

నకలు అవసరం లేకుండా అసలు సరుకే అమ్ముడుపోయినది ఒకటుంది, అది ఘంటసాల భగవద్గీత. 1974లో విడుదలైన దానికి మా అంగడి మూసేవరకు గిరాకీ తగ్గలేదు. ఎవరింట్లో చావు జరిగినా అర్ధరాత్రి వచ్చి మా ఇంటి తలుపు తట్టేవారు. నాన్నగారు చొక్కా తగిలించుకుని తాళాలు పట్టుకుని బయలుదేరేవారు, ఆ టేపుకు మాత్రం బేరం ఉండేది కాదు, డబ్బులు అప్పుడే అడగడమూ ఉండేది కాదు.

లెస్టరు వాసి

నేను పుట్టింది మార్కాపురంలో, ఇరవై రెండేళ్లుగా ఉంటున్నది ఇంగ్లండులో. ఇక్కడి బజారు వీధుల్లో రికార్డుల అంగళ్లు మూతపడటం నా కళ్లముందే జరిగింది కనుక పోల్చి చెప్పగలను. లండను ఆక్స్‌ఫర్డ్ స్ట్రీటులో హెచ్‌ఎంవీ తొలి దుకాణాన్ని 1921లో ఎల్గార్ అనే సంగీతకర్త ప్రారంభించాడు. ఆ సంస్థ 2013 జనవరిలో ఒకసారి, 2018 డిసెంబరులో మరోసారి దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ పాత దుకాణం 2019లో మూతపడి 2023 నవంబరులో తిరిగి తెరుచుకుంది. వూల్‌వర్త్స్ అనే మరో గొలుసు దుకాణాల సంస్థ 2009 జనవరి నాటికి సుమారు 800 అంగళ్లను మూసేసింది. సీడీలు కొనడానికి సామాన్యులు వెళ్లిన చోట్లలో అదొకటి.

వీటి పతనానికి కూడా అందరూ ఇంటర్నెట్టునే నిందిస్తారు. 1999లో పాటలను ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్, 2003లో పాటలను ఆన్‌లైన్‌లో అమ్మే ఐట్యూన్స్ దుకాణం వచ్చి దెబ్బ తీసిన మాట వాస్తవమే. దానికంటే తక్కువగా చెప్పుకునే రెండు కారణాలున్నాయి. కూరగాయలు అమ్మే పెద్ద సూపర్‌మార్కెట్లు, ఎక్కువ అమ్ముడుపోయే పాతిక ముప్పై సీడీలను మాత్రం తెచ్చి, తక్కువ ధరకు అమ్మి జనాన్ని లాక్కున్నాయి. అరుదైన వెయ్యి రకాలను నిలవ ఉంచే అంగడిని పోషించేది ఆ పాతిక రకాల మీద వచ్చే లాభమే కదా. రెండోది పన్ను. 18 పౌండ్ల లోపు సరుకును ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమ ఉన్న ఛానల్ దీవుల నుంచి తపాలాలో పంపితే అమ్మకపు పన్ను పడేది కాదు. ఆ వెసులుబాటుతో అక్కడి నుంచి సీడీలు అమ్మిన సంస్థలతో వీధిలోని అంగడి వాడు ధరలో పోటీ పడలేకపోయాడు. 2012 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ దారి మూసేసింది, కానీ అప్పటికి చాలామంది తలుపులు మూసుకున్నారు.

ఇక్కడి అంగడి సొంతంగా ఏమీ తయారుచేయలేదు, కంపెనీ ఇచ్చినది అమ్మింది. మన నెల్లూరు అంగడి తయారుచేసింది. రెండూ పోయాయి గాని ఒకే జబ్బుతో పోలేదు.

మైకుసెట్టు (కావలి)

2004 సంగతి అడిగారు కదా, అది నేను చెప్పగలను. ఆ ఏడాది ఎన్నికల ప్రచారానికి జీపులకు మైకులు కట్టాను కనుక బాగా గుర్తుంది. నెల్లూరు ఆత్మకూరు బస్టాండు దగ్గర తోపుడు బండి మీద ఎంపీత్రీ సీడీలు రాసులుగా పోసి అమ్మేవారు. ఒక్క సీడీలో నూట యాభై పాటలు. పాతిక రూపాయలు చెబితే ఇరవైకి ఇచ్చేవాడు. అదే సమయానికి ఆ సీడీలు ఆడే చైనా ప్లేయర్లు కూడా చవకగా దిగాయి. క్యాసెట్టులో పది పన్నెండు పాటలకు ముప్పై, ముప్పై అయిదు పెట్టే మనిషి ఇక మెట్లు ఎక్కి అంగడికి ఎందుకు వస్తాడు? ఏ పాట ఏ సినిమాలోదో బండివాడికి తెలియదు. అడిగితే అట్ట మీద హీరో బొమ్మ చూపించేవాడు.

కందుకూరు వకీలు

అయితే లెక్క కుదిరినట్టే. 700 ఎంబీ పట్టే సీడీలో నాలుగైదు ఎంబీల పాటలు నూట యాభై చక్కగా సరిపోతాయి. ఆ తర్వాత నాలుగైదేళ్లకు ఫోన్ల మరమ్మతు అంగళ్లలో మెమరీ కార్డులోకి పాటలు ఎక్కించే వ్యాపారం మొదలైంది, మీ నాన్నగారు ఫోను మింగిందన్నది దాన్ని చూసే అయివుండాలి. ఇక డబ్బు కట్టకుండా ఫోనులో నేరుగా వినడం మన పల్లెలకు చేరింది జియో వచ్చిన 2016 సెప్టెంబరు తర్వాతే. అప్పటికి మీ అంగడి మూసి ఏడేళ్లు. కనుక ఆన్‌లైన్ పాట ముంచింది మెమరీ కార్డు వాణ్ణి. క్యాసెట్టు వాణ్ణి అది చూడనే లేదు.

ఒక చిన్న గమనిక. సినిమా వాళ్ల "ఆడియో ఫంక్షన్" కాస్తా "ప్రీ రిలీజ్ ఈవెంట్"గా మారిపోయింది. చేతిలో పెట్టుకుని చూపడానికి క్యాసెట్టూ సీడీ లేనప్పుడు ఆ పేరుతో సభ పెట్టడం ఎలా కుదురుతుంది?

సూది-గాడి (చీరాల)

పెద్దలకు నమస్కారం. ఇక్కడ అందరూ తద్దినం పెట్టేస్తున్నారు గాని, ప్లేట్లు ఇంకా బతికే ఉన్నాయని చెప్పడానికి వచ్చాను. అమెరికాలో 2020లో ఎల్పీల మీద వచ్చిన రాబడి సీడీల రాబడిని దాటింది, 1986 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. 2008 నుంచి ఏటా రికార్డు అంగళ్ల దినం జరుపుతున్నారు, ఆ రోజు తెల్లవారకముందే అంగళ్ల ముందు వరుసలు కడుతున్నారు. మన దేశంలోనూ నా వయసువాళ్లు కొత్త ఎల్పీకి రెండు మూడు వేలు పెడుతున్నారు. నేను నా మొదటి జీతంతో ప్లేట్లు ఆడించే టర్న్‌టేబులు కొన్నాను. పెన్నా ఒడ్డు గారూ, మీ దగ్గరున్న తెలుగు ఎల్పీలకు విలువ ఉంటుంది. దయచేసి పాత సామాన్ల వాడికి వేయకండి. జాబితా పెడితే నేను మంచి ధర

నిర్వాహకులు

ఈ విభాగంలో కొనుగోళ్లు, అమ్మకాలు మాట్లాడకూడదన్న నియమం వల్ల పై సందేశంలో చివరి వాక్యాలను తొలగించాము. చర్చ కొనసాగించగలరు.

ఒంగోలు మాస్టారు

నేను ఈ చర్చను మొదటి నుంచి చదువుతూ, చెప్పవలసినవారు చెబుతున్నారు కదా అని ఊరుకున్నాను. చీరాల అబ్బాయి ఉత్సాహం నాకు నచ్చింది, కానీ ఆయన చూపు ఎల్పీల మీద ఉంది. నా చూపు మీరు లెక్కపెట్టలేదని చెప్పిన క్యాసెట్ల మీద ఉంది.

ఎల్పీలోని సినిమా పాట ఎక్కడికీ పోదు. ఆ కంపెనీ దగ్గర మూలప్రతి ఉంటుంది, ఫోనులో దొరుకుతుంది. 2017 నుంచి అయిదు వేల పాత పాటలు నింపి అమ్ముతున్న కారవాన్ పెట్టెను మా అబ్బాయి కూడా నాకు కొనిపెట్టాడు. హాయిగానే ఉంటుంది గాని అందులో ఏ పాట ఉండాలో కంపెనీయే నిర్ణయించింది. మన జిల్లాల్లో పాటల అంగడి మరో పని చేసేది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పౌరాణిక నాటకాలు ఆడించిన ఊరివాళ్లు, బుర్రకథ దళాలు, హరికథ భాగవతులు, భజన సమాజాలు తమ ప్రదర్శనను టేపు చేయించి, నకళ్ల కోసం ఇలాంటి అంగడికే తెచ్చేవారు. అంగడివాడు అడిగినవారికి పదో పాతికో తీసి ఇచ్చి, ఒక ప్రతిని తన దగ్గర ఉంచుకునేవాడు. నేను 1986లో అద్దంకి దగ్గర ఒక పల్లెలో బడిపంతులుగా ఉండగా మేము ఆడిన నాటకం అలాగే టేపయింది. హార్మోనియం వాయించినాయన రాగం పట్టుకుంటే జనం "ఒన్స్ మోర్" అని ఒకే పద్యాన్ని మూడుసార్లు పాడించారు, మూడోసారి అర్జునుడి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఆ టేపు ఏమైందో నాకు తెలియదు. ఏ కంపెనీకీ దాని మీద హక్కు లేదు, అందువల్లనే దాన్ని కాపాడాలన్న అవసరమూ ఎవరికీ లేకపోయింది.

వకీలు గారు అంగడిని నకళ్ల కేంద్రమన్నారు, కాదనను. ఆ నకళ్ల యంత్రమే మన పల్లె కళాకారులకు దక్కిన ఏకైక ముద్రణాలయం కూడా. కాబట్టి బాబూ, అచ్చు అట్టలున్న వాటిని పక్కన పెట్టి, చేతిరాత చీటీ అంటించిన క్యాసెట్లను ముందు వెతకండి.

కందుకూరు వకీలు

మాస్టారు గారి మాటకు తలవంచుతున్నాను. ఆ కోణం నాకు తట్టలేదు. చట్టం మాట ఒకటి చేరుస్తాను. అచ్చయిన ధ్వనిముద్రణ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది, సాహిత్యం మీద, బాణీ మీద ఆయా కర్తలు పోయిన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అందువల్ల మీ లక్క ప్లేట్లలో చాలావాటి ముద్రణ హక్కు తీరిపోయి ఉండవచ్చు గాని, లోపలి పాట రచయిత ఎప్పుడు పోయారో చూడకుండా నెట్టులో పెట్టకండి. ఊరి నాటకాల టేపుల విషయంలో పాడినవారో వారి పిల్లలో దొరికితే ఒక మాట అడగడం మర్యాద, క్షేమం కూడా.

మైకుసెట్టు (కావలి)

పని మొదలుపెట్టే ముందు నాలుగు ముక్కలు వినండి. ఏళ్ల తరబడి కదలని రీలును నేరుగా ఆడించవద్దు, పొరలు అంటుకుని ఉంటాయి. ముందు పెన్సిలుతో కొంచెం వదులు చేసి, ఒకసారి చివరిదాకా చుట్టి మళ్లీ వెనక్కి చుట్టండి. తెల్లగా బూజు కనిపిస్తే దాన్ని డెక్కులో పెట్టకండి, హెడ్డుకు అంటి మిగతా టేపులన్నిటికీ పాకుతుంది. క్యాసెట్టు మధ్యలో రీలును హెడ్డుకు నొక్కే చిన్న దూది మెత్త ఊడిపోయి ఉంటే, పాడైన మరో క్యాసెట్టు నుంచి తీసి అతికించండి. లక్క ప్లేట్లను మాత్రం స్పిరిటుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది. శుభ్రమైన నీటితో తడిపి పిండిన మెత్తటి గుడ్డ చాలు.

సూది-గాడి (చీరాల)

నియమం అతిక్రమించినందుకు క్షమించండి. మాస్టారు చెప్పింది చదివాక నాకే కొంచెం సిగ్గేసింది. నా దగ్గర డెక్కు నుంచి కంప్యూటరుకు శబ్దం పంపే పరికరం ఉంది. శబ్దాన్ని కుదించే ఎంపీత్రీగా కాకుండా, కుదించని 24 బిట్ల వేవ్ ఫైలుగా దించుకుంటే తర్వాత శబ్దం శుభ్రం చేసుకోవచ్చు. ఆదివారాలు నాకు ఖాళీ, నెల్లూరు రాగలను, రైలు ఛార్జీ కూడా వద్దు.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

రెండు వారాలుగా సమాధానం రాయలేకపోయాను, పెట్టెల్లోనే కూర్చున్నాను. క్యాసెట్లు మొత్తం 612. చేతిరాత చీటీ ఉన్నవి 83. వాటిలో చాలావరకు పుచ్చుకోవడానికి రాని గిరాకీదారుల పాటల టేపులే. మిగిలినవి పందొమ్మిది. కోవూరు దగ్గరి ఊళ్ల శివరాత్రి నాటకాలు నాలుగు, రొట్టెల పండుగ రోజుల్లో దర్గా దగ్గర పాడిన ఖవ్వాలీలు రెండు, ఒక హరికథ మూడు టేపుల్లో, పెళ్లి సన్నాయి ఒకటి, వేరే తాలూకా నాటకం ఒకటి, మిగతావి భజనలు. అన్నిటి మీదా నాన్నగారి చేతిరాతే: ఊరి పేరు, తెచ్చినవారి పేరు, తేదీ, ఎన్ని నకళ్లు తీశారో.

మాస్టారు గారూ, వాటిలో ఒకదాని మీద "అద్దంకి తాలూకా, మేష్టర్ల నాటకం, 12 నకళ్లు, 5 బాకీ" అని ఉంది. ఏడాది రాసిన చోట చెమ్మకు సిరా పాకింది, చివరి అంకె ఆరో, ఎనిమిదో తేలడం లేదు. అది మీదేనని నేను చెప్పను. బూజు లేదు, మెత్త మాత్రం ఊడింది. పెద్దాయన చెప్పినట్టు మరో క్యాసెట్టు మెత్త తీసి అతికించాను, ఇంకా ఆడించలేదు. మా డెక్కు బెల్టు కరిగి జిగురులా అయిపోయింది, కొత్తది చెన్నై నుంచి శుక్రవారానికి వస్తుందన్నారు. చీరాల తమ్ముడు ఆదివారం ఉదయం వస్తున్నాడు, దారిలో ఒంగోలులో దిగి మిమ్మల్ని వెంటబెట్టుకు రమ్మని అతనికి చెప్పాను, మీకు వీలవుతుందో లేదో తెలియజేయగలరు.

ఒంగోలు మాస్టారు

వస్తాను. బాకీ ఉన్న అయిదింటిలో రెండు నావే అయివుండాలి. డబ్బులు తెస్తాను.